ఉత్తరం అమ్మాయే రాయాలి

(డాలస్ శివారులోని ఒక కమ్యూనిటీ హాల్లో, సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ కలిసిన ఆదివారం సమావేశంలో ఒక తల్లి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి. మన సభల్లో ముందు వరసలు ఎప్పుడూ ఖాళీయే. అక్కడ కూర్చుంటే మాస్టారు ప్రశ్న అడుగుతారని చిన్నప్పటి భయం. నేను అడగనులెండి. సరే, ఒక్కటి మాత్రం అడుగుతాను. మీ అమ్మాయిల్లో పన్నెండేళ్ళ లోపు వాళ్ళెందరు? చేతులెత్తండి. పద్నాలుగు లోపు? పదహారు దాటినవాళ్ళు? ఆ మూడు చేతులూ గుర్తు పెట్టుకుంటాను. మీరు వెళ్ళేముందు నాతో విడిగా మాట్లాడండి, మీకు వ్యవధి తక్కువగా ఉంది.

నేను కోచ్‌ని కాను. గుంటూరులో పుట్టి పెరిగాను. పెళ్ళయి ఈ దేశం వచ్చేదాకా బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి సాఫ్ట్‌బాల్ అనే ఆట ఒకటుందని కూడా నాకు తెలియదు. మా అమ్మాయి ఎనిమిదో ఏట బడి నుంచి ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. పెట్టాను. అది కాగితం మీద సంతకం కాదు, రాబోయే పదేళ్ళ శని, ఆదివారాల మీద సంతకమని నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు తను తూర్పు తీరంలో ఒక చిన్న కాలేజీలో రెండో బేస్ దగ్గర ఆడుతోంది. డివిజన్ 3.

కాలేజీ ఆటల్లో మూడు మెట్లున్నాయి, ఇది మూడోది. డివిజన్ 3 అనగానే కొన్ని మొహాలు వాడిపోయాయి, చూశాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మనం పెరిగిన లోకంలో సీటు రావడమంటే ఏమిటి? ఎంసెట్. పరీక్ష రాశాం, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగుకి పిలిచారు, వెళ్ళాం. మన మొహం ఎవరూ చూడలేదు, చూడవలసిన అవసరమూ లేదు. ర్యాంకే మన మొహం. ఇక్కడికి వచ్చాక కూడా మన బుర్రలో అదే లెక్క నడుస్తూ ఉంటుంది. అమ్మాయి బాగా ఆడుతోంది, బ్యాటింగ్ సగటు బాగుంది, షెల్ఫు నిండా కప్పులున్నాయి, కాబట్టి కాలేజీ వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. నేనూ మూడేళ్ళు అలాగే అనుకున్నాను. మూడేళ్ళు! ఎవరూ రాలేదు.

ఎందుకు రారు? కాసేపు కోచ్ వైపు కూర్చుని చూడండి. ఈ దేశంలో హైస్కూళ్ళలో సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు 3 లక్షలకు పైనే ఉన్నారు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ జట్లలో, మూడు డివిజన్లూ కలిపి, సుమారు 20 వేల మంది. ఆ 20 వేలలో కాలేజీ నాలుగు తరగతుల పిల్లలూ కలిసి ఉన్నారు. ఒక జట్టులో పాతిక మంది ఉంటే, ఏటా కొత్తగా కావలసింది ఐదుగురో ఆరుగురో. అందులో ఇద్దరు బంతి విసిరే పిచర్లు, ఒకరు దాన్ని వెనక అందుకునే క్యాచర్. మీ అమ్మాయి సెంటర్ ఫీల్డ్, అంటే మైదానం వెనక భాగంలో మధ్యన నిలబడే పిల్ల అనుకోండి. వాళ్ళకు సెంటర్ ఫీల్డ్‌లో రెండో ఏడు చదివే అమ్మాయి ఒకతె బాగా కుదురుకుని ఉంది. ఇంకేం చేస్తారు? మీ అమ్మాయి ఎంత బాగా ఆడినా ఆ ఏడు అక్కడ చోటు లేదు. అది పిల్ల లోపమా? కాదు. కానీ మనం ఇంటికొచ్చి పిల్లనే అంటాం.

ఇంకొకటి. వేసవిలో కొలరాడోలోనో, కాలిఫోర్నియాలో హంటింగ్టన్ బీచ్‌లోనో పెద్ద టోర్నమెంటు జరుగుతుంది. పొద్దున ఎనిమిదింటికి మొదలైతే దీపాలు వేసేదాకా ఆటలే. ఒక ఊరంతా మైదానాలు, వందల జట్లు. అక్కడికొచ్చే కోచ్ చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఏ మైదానం, ఎన్ని గంటలకు, ఏ చొక్కా నంబరు. ఆ కాగితం ఇంటి దగ్గర తయారైంది. అంటే ఆమె అక్కడ వెతకడం లేదు. తనకు ముందే తెలిసిన పిల్లల్ని సరిచూసుకుంటోంది. ఇది నాకు అర్థం కావడానికి ఒక అవమానం కావలసి వచ్చింది.

ఒకసారి మా మైదానం కంచె దగ్గర ఒక పెద్ద కాలేజీ చొక్కా వేసుకున్న కోచ్ వచ్చి నిలబడింది. నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. ఆయన వీడియో మొదలుపెట్టారు. మా పిల్ల ఆ రెండు ఇన్నింగ్స్‌లో ఒక మంచి క్యాచ్ పట్టింది, అవతలి పిచర్ బంతి వేయగానే పరిగెత్తి ఒక బేస్ దొంగిలించింది. ఇంకేముంది, అయిపోయింది, రేపు ఫోను వస్తుంది అనుకున్నాం. మూడో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు పిచర్‌ని మార్చింది. కోచ్ కుర్చీ మడిచి వెళ్ళిపోయింది. ఆమె చూసింది అవతలి పిచర్‌ని. మా పిల్ల ఆ పిచర్ బంతులు ఆడే మనిషి, అంతే. మా ఆయన ఫోనులో ఆ వీడియో ఇంకా ఉంది. అప్పుడప్పుడు వేసుకుని నవ్వుకుంటాం.

కాబట్టి ఇది ఎంసెట్ కాదండీ. మరి ఏమిటి? చెబితే మీరు నవ్వుతారు. ఇది పెళ్ళి సంబంధం. ఆ చివర అమ్మాయిలు అప్పుడే మొహాలు చిట్లించారు! ఆగండి, నేను పెళ్ళిచూపుల్లో కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చిన తరం దాన్ని, నాకు తెలుసు ఏ పోలిక తెస్తున్నానో. సంబంధంలో ర్యాంకు ఉండదు. అటు వాళ్ళకేం కావాలి, ఇటు వాళ్ళకేం కావాలి, రెండూ కలవాలి. ఫోటో పంపుతాం, వివరాలు పంపుతాం, తెలిసినవాళ్ళ చేత ఒక మాట చెప్పిస్తాం. వాళ్ళు మనకు తెలియకుండా నలుగురినీ విచారిస్తారు. ఇక్కడ ఫోటో బదులు వీడియో, పెళ్ళిళ్ళ పేరయ్య బదులు ట్రావెల్ జట్టు, అంటే బడితో సంబంధం లేకుండా ఊళ్ళు తిరిగి ఆడే జట్టు కోచ్. ఒక్క తేడా ఉంది, అదే ఈ వేళ నేను చెప్పాలనుకున్న అసలు మాట. ఈ సంబంధంలో పెద్దవాళ్ళు మాట్లాడకూడదు. ఉత్తరం అమ్మాయే రాయాలి. ఫోను అమ్మాయే ఎత్తాలి. ఆ కాఫీ పళ్ళెం మనం పట్టుకోవాలి.

ముందు తేదీలు చెబుతాను, రాసుకోండి. డివిజన్ 1 సాఫ్ట్‌బాల్‌లో పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా కాలేజీ కోచ్ మీ అమ్మాయితో రిక్రూటింగ్ గురించి, అంటే జట్టులోకి తీసుకోవడం గురించి, మాట్లాడకూడదు. ఫోను, మెసేజి, ఈమెయిలు, ఏదీ కుదరదు. ఈ నియమం 2018 ఏప్రిల్‌లో వచ్చింది. అంతకుముందు ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఫలానా యూనివర్సిటీకి మాట ఇచ్చేశామని చెప్పుకునేవారు. పదమూడేళ్ళ పిల్లకు ఏ కూర కావాలో తేల్చుకోవడమే కష్టం, యూనివర్సిటీ తేల్చుకుంటుందా? ఆ తంతును ఆపారు, మంచి పని. డివిజన్ 2కి పదో తరగతి అయ్యాక జూన్ 15. డివిజన్ 3 కోచ్‌లు ఉత్తరాలకు ఇంకా ముందే జవాబు ఇవ్వవచ్చు.

ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, కోచ్ జవాబు ఇవ్వకూడదు కాబట్టి మనం రాయకూడదు అనుకోవడం. కాదు! ఆమె రాయకూడదు, చదవవచ్చు. మైదానానికి వచ్చి చూడవచ్చు. కాగితం మీద నంబరు రాసుకోవచ్చు. తొమ్మిదిలో, పదిలో పిల్ల రాసిన ఉత్తరాలకు మౌనమే జవాబు. ఆ మౌనం చూసి మానేసిన పిల్లల పేర్లు సెప్టెంబర్ 1న ఆ కాగితం మీద ఉండవు. కాలేజీ వెబ్‌సైట్‌లో రిక్రూట్‌ల కోసం ఒక ప్రశ్నావళి ఉంటుంది, అది నింపండి. దానికి డబ్బు అక్కరలేదు, పావుగంట చాలు.

ఇప్పుడు నా ఘనకార్యం చెబుతాను. మా పిల్ల పదో తరగతిలో ఉత్తరాలు రాయమంటే, రేపు అంటుంది, ఎల్లుండి అంటుంది. నాకు నిద్ర పట్టదు. ఒక రాత్రి తన ఈమెయిలు తెరిచి నేనే రాయడం మొదలుపెట్టాను. తన పేరుతో. ఎంత బాగా రాశాననుకున్నారు! 'మీ మహోన్నత విద్యాసంస్థలో' అనే ధోరణి, మనం కాన్సులేటుకు రాసే ధోరణి. ఒక కాలేజీ జీవశాస్త్ర విభాగంలో పగడపు దిబ్బల మీద పరిశోధన జరుగుతోందని చదివి, చిన్నప్పటి నుంచి నాకు పగడపు దిబ్బలంటే ప్రాణం అని రాశాను. ముప్ఫై కాలేజీలకు. పగడపు దిబ్బలు ఆ ఒక్కరికే లెండి.

పదకొండో తరగతిలో, ఆ తేదీ దాటాక, ఆ కాలేజీ నడిపే సాఫ్ట్‌బాల్ క్యాంపుకి వెళ్ళాం. ఆట బాగానే ఆడింది. సాయంత్రం కోచ్ పిలిచి కూర్చోబెట్టి, "నీ ఉత్తరం నాకు గుర్తుంది, పగడాల సంగతి చెప్పు" అంది. మా పిల్ల బిక్కమొహం వేసింది. దానికి పగడమంటే వాళ్ళ అమ్మమ్మ ఉంగరం! కోచ్ ఏమీ అనలేదు. నవ్వి, మాట మార్చి, నీళ్ళు తాగి వెళ్ళమంది. కారులో నాలుగు గంటల ప్రయాణం, ఒక్క మాట లేదు. ఇల్లు దగ్గర పడుతుండగా, "అమ్మా, ఆవిడకు ఇంకా చోటు ఉందేమో అడుగు. నిన్ను తీసుకుంటుంది" అంది.

ఆ తర్వాత తనే రాసింది. నేను చూడలేదు. చాలా రోజుల తర్వాత చూపించింది. ఏడెనిమిది వాక్యాలు, అంతే. ఏ సంవత్సరం హైస్కూలు ముగుస్తుంది, ఏ స్థానం, ఏ జట్టు, మార్కులు, వీడియో లంకె, రాబోయే టోర్నమెంటులో మైదానం నంబరు, సమయం, చొక్కా నంబరు, ట్రావెల్ కోచ్ ఫోను. ఇవన్నీ ఎవరైనా రాస్తారు. మధ్యలో రెండు వాక్యాలు మాత్రం నేను జన్మలో రాయలేను. "నేను పొడుగు కాదు, హోమ్ రన్లు కొట్టను, కానీ బంట్ ఎక్కడ పడాలంటే అక్కడ పడుతుంది. మీ మ్యాచ్ చూశాను, మీ రెండో బేస్ క్రీడాకారిణి వచ్చే ఏడాది చదువు ముగించి వెళ్ళిపోతుంది కదా." బంట్ అంటే బ్యాటు ఊపకుండా బంతిని మెల్లగా తాకించి దగ్గరలో పడేయడం. చూశారా? ఒక దాంట్లో తన లోపం తనే చెప్పుకుంది. రెండో దాంట్లో వాళ్ళ అవసరం చెప్పింది. నేనైతే ఆ లోపాన్ని మూడు పేరాల కింద దాచేదాన్ని. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. ఇప్పుడు తను ఆడుతున్నది ఆ కాలేజీకే.

వీడియో సంగతి త్వరగా చెప్పేస్తాను, మా ఆయన వెనక నుంచి గడియారం చూపిస్తున్నారు. మూడు నాలుగు నిమిషాలకు మించవద్దు. పాట పెట్టవద్దు. అక్షరాలు గుండ్రంగా తిరుగుతూ రావడం, నిప్పులు చిమ్మడం, అవి పెళ్ళి వీడియోలకు. మొదట్లోనే పేరు, సంవత్సరం, స్థానం, తర్వాత ఆట. కోచ్ ఆపకుండా చివరిదాకా చూస్తుందని నమ్మకం లేదు కాబట్టి, పిల్లకు బాగా వచ్చింది మొదటి అర నిమిషంలోనే కనబడాలి. బేస్‌ల దగ్గర ఆడే ఇన్‌ఫీల్డ్ పిల్లయితే కుడి పక్క, ఎడమ పక్క నేలబంతులు, బంతి చేతిలోంచి మారే వేగం. పిచర్ అయితే ప్రతి రకం బంతీ కొన్ని, వెనక నుంచి ఒకసారి, క్యాచర్ వైపు నుంచి ఒకసారి. బ్యాటింగ్ పక్క నుంచి. తప్పు పోయిన ఒకటి రెండు బంతులు కత్తిరించకపోయినా ఫరవాలేదు.

కొలతలు. కోచ్‌లు కొలతలు అడుగుతారు, అందులో తప్పేమీ లేదు. పెద్ద జట్ల పిచర్లు గంటకు 60 మైళ్ళు దాటి 65, 70 దాకా వేస్తారు. 2012లో మోనికా ఆబట్ 77 మైళ్ళు వేసింది. పిచర్ నిలబడే చోటికీ, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటుకీ మధ్య 43 అడుగులే. 65 మైళ్ళ బంతి అర సెకను కాకముందే మీ మొహం ముందుంటుంది. కళ్ళు మూసి తెరిచేలోగా అన్నమాట, నేను అనుభవంతో చెబుతున్నాను, ఒకసారి పెరట్లో బ్యాటు పట్టుకుని నిలబడి చూశాను. క్యాచర్‌కి, బంతి అందుకున్న క్షణం నుంచి అది రెండో బేస్ చేరేదాకా ఎంత పట్టిందని చూస్తారు. రెండు సెకన్ల లోపు ఉండాలి, ఎంత తగ్గితే అంత విలువ. మిగతావాళ్ళకు హోమ్ నుంచి మొదటి బేస్ దాకా 60 అడుగుల పరుగు. ఎడమ చేతి వైపు నిలబడి, పరుగు మొదలుపెట్టి బంతిని తాకించే పిల్లల్ని స్లాపర్లు అంటారు. వాళ్ళు మూడు సెకన్ల కంటే ఎంతో ముందే చేరిపోతారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లలు చాలామంది పొడవు తక్కువ. అది చూసి నిరాశ పడే తండ్రులు నాకు తెలుసు. ఈ ఆటలో అందరూ జోసెలిన్ ఆలో కాలేరు. ఆవిడ ఓక్లహోమాకు ఆడి 122 హోమ్ రన్లు కొట్టింది, కాలేజీ చరిత్రలో అంతకు మించి ఎవరూ కొట్టలేదు. కానీ ఆమె కొట్టినప్పుడు బేస్‌ల మీద ఎవరో ఒకరు ఉండాలి కదా? ఆ ఎవరో ఒకరి కోసం కూడా కోచ్‌లు వెతుకుతారు. పద్నాలుగేళ్ళకు కుడి చేతి పిల్లను ఎడమ వైపు నిలబెట్టి నేర్పించిన కోచ్‌లను చూశాను. బేస్‌ల మీద పరుగు, మెలకువ, నేలబంతి అందుకునే మృదువైన చేతులు, ఇవి అంగుళాలతో కొలిచేవి కావు. అయితే స్టాప్‌వాచ్‌తో మీరే ఎక్కువ చేసి చెప్పుకోవద్దు. క్యాంపులో వాళ్ళు మళ్ళీ కొలుస్తారు.

మరి కొలవలేనివి? నేను ఇక్కడ కొంచెం నిలబడతాను, ఎందుకంటే మన వాళ్ళు బొత్తిగా పట్టించుకోనిది ఇదే. కోచ్ వచ్చి మైదానం మధ్యలో కూర్చోదు. జట్టు కూర్చునే డగౌట్ కనబడే మూలన నిలబడుతుంది. పిల్ల అవుటై తిరిగి వచ్చేటప్పుడు హెల్మెట్ ఎలా పెట్టింది? పక్క పిల్ల తప్పు చేస్తే దగ్గరకు వెళ్ళిందా, చేతులెత్తేసిందా? బెంచీ మీద ఉన్నప్పుడు ఆట చూస్తోందా, ఫోను వెతుకుతోందా? పరికరాల సంచి ఎవరు మోస్తున్నారు? నవ్వకండి. పదహారేళ్ళ పిల్ల ఖాళీ చేతులతో నడుస్తుంటే వెనక తండ్రి రెండు సంచులూ, మడత కుర్చీ, మంచినీళ్ళ పెట్టె మోసుకుంటూ రావడం మన దగ్గర ఎంత మామూలు! మనకది ప్రేమ. కంచె అవతల నుంచి చూసేవాళ్ళకు అది వేరే లెక్క.

అలాగే కంచె పట్టుకుని ప్రతి బంతికీ సలహా చెప్పే నాన్నలు. మా ఆయన ఇక్కడే ఉన్నారు, ఆయన అనుమతితోనే చెబుతున్నాను. తెనాలిలో క్రికెట్ ఆడినాయన, ఏ బంతికైనా "ముందుకొచ్చి ఆడు" అంటారు. సాఫ్ట్‌బాల్‌లో ముందుకొచ్చి ఆడటమేమిటండీ, బ్యాటర్ కోసం గీసిన గీతల పెట్టె దాటి బంతిని కొడితే అవుట్! ఒకరోజు పిల్లే వచ్చి, "నాన్నా, మీరు అవుట్‌ఫీల్డ్ వెనక చెట్టు కింద కూర్చుంటే నాకు బాగుంటుంది" అని చెప్పింది. రెండేళ్ళు ఆయన ఆ చెట్టు కిందే కూర్చున్నారు. తినడానికి పులిహోర నేనే తీసుకెళ్ళేదాన్ని.

ఇప్పుడు వాడిన మొహాల సంగతి. డివిజన్ 3. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ అనే మాట మన ఇళ్ళలో ఒక మంత్రం. ఆడితే చదువు ఉచితం అనుకుంటాం. చాలా ఏళ్ళు డివిజన్ 1 సాఫ్ట్‌బాల్ జట్టు మొత్తానికి 12 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువే పరిమితి. దాన్ని ఇరవై మందికి పంచేవారు. అంటే ఎక్కువమందికి సగమో, పావో, పుస్తకాల ఖర్చో. 2025లో కోర్టు ఒప్పందం తర్వాత, అందులో చేరిన యూనివర్సిటీలకు ఆ పరిమితి పోయి, జట్టుకు 25 మంది అనే పరిమితి వచ్చింది. ఇవ్వదలిస్తే అందరికీ ఇవ్వవచ్చు. కానీ స్కాలర్‌షిప్ లేకుండా ఊరికే జట్టులో చేరి మూడో ఏటికి చోటు సంపాదించుకునే పిల్లలకు జాగా తగ్గిపోయింది. దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే క్రీడాకారులు పేరు నమోదు చేసుకునే జాబితా. ఇంకో కాలేజీలో రెండేళ్ళు ఆడి రాటుదేలిన పిల్ల దొరుకుతుంటే, పదిహేడేళ్ళ పిల్లను తీసుకుని రెండేళ్ళు పెంచడం ఎందుకనుకునే కోచ్‌లు ఉన్నారు. నైజారీ కేనడీ అనే పిచర్ స్టాన్‌ఫర్డ్ నుంచి మన టెక్సాస్ టెక్‌కు మారినప్పుడు ఒప్పందం పది లక్షల డాలర్లు దాటిందని పత్రికల్లో వచ్చింది. 2025లో ఆ జట్టును కాలేజీల జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్ళింది, టెక్సాస్ యూనివర్సిటీ చేతిలో ఓడారు. ఆ ఫైనల్స్ జరిగే ఓక్లహోమా సిటీ మనకు కారులో మూడు గంటలు. ఏటా మే చివర, జూన్ మొదట్లో. పిల్లలను ఒక్కసారి తీసుకెళ్ళండి. 2028 ఒలింపిక్ సాఫ్ట్‌బాల్ కూడా లాస్ ఏంజెలెస్‌లో కాదు, అక్కడే.

ఎక్కడున్నాను? ఆ, డివిజన్ 3. ఆటకు ఒక్క డాలరు ఇవ్వరు. అది నిజం. కానీ ఎమ్‌ఐటీ డివిజన్ 3. షికాగో యూనివర్సిటీ, ఎమొరీ డివిజన్ 3. టఫ్ట్స్ 2013, 2014, 2015 వరసగా మూడేళ్ళు డివిజన్ 3 విజేత. ఇప్పుడు చెప్పండి, మొహాలు ఇంకా వాడే ఉన్నాయా? హార్వర్డ్, ప్రిన్‌స్టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ 1లో ఆడతాయి, అయినా ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం ఉంటుంది. ఇలాంటి చోట్ల కోచ్ మాట పని చేయాలంటే ముందు మార్కులు ఉండాలి. పదకొండు పూర్తయిన వేసవిలో కోచ్ పిల్ల మార్కుల పత్రాన్ని అడ్మిషన్ల ఆఫీసుకు పంపి, ఈ పిల్లకు అవకాశం ఉందా అని ముందే కనుక్కుంటుంది. అక్కడ మన పిల్లలు వెనకబడరు కదా? ఆటలో మనకన్నా ఒక మెట్టు పైనున్న పిల్ల ఆ గుమ్మం దగ్గర ఆగిపోయిన సందర్భాలు చూశాను. మన పిల్లలు లోపలికి వెళ్ళారు. ఇందులో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు, కానీ ఉన్న బలాన్ని వాడుకోకపోవడం తెలివి తక్కువ.

డివిజన్ 1 కోసం చూసేవాళ్ళు ఇది మరిచిపోవద్దు. హైస్కూల్లో ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ, అంటే నాలుగుకి సగటు గ్రేడు. ఆ పదహారులో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోగా అయిపోవాలి, ఆ పదిలో 7 ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు. అది దాటాక మళ్ళీ రాసి మార్కులు పెంచుకోవడం కుదరదు. శాట్ పరీక్ష అక్కరలేదని ఎన్‌సీఏఏ 2023లో తీసేసింది. కానీ కాలేజీ అడగవచ్చు. ఎమ్‌ఐటీ అడుగుతుంది.

వీసా గురించి ఎవరూ పైకి అడగరు, కానీ అందరి మనసులోనూ ఉంటుంది. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడిన వీసా మీద ఉన్న పిల్లకు ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు. యూనివర్సిటీ తన డబ్బుతో ఇచ్చే ఆట స్కాలర్‌షిప్‌కు ఆ అడ్డు లేదు. పేరు, బొమ్మ వాడుకున్నందుకు కంపెనీలు ఇచ్చే డబ్బు మాత్రం వేరు. అది పని చేసి సంపాదించడం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఒక్క డాలరు ముట్టవద్దు, ఉచితంగా ఇచ్చే బూట్లు కూడా. ఇరవై ఒకటో పుట్టినరోజు కాలేజీ మధ్యలో వస్తుంది, అప్పటికి ఎఫ్-1 విద్యార్థి వీసా సంగతి చూసుకోవాలి. ఇవన్నీ పిల్లకు పదిహేనేళ్ళప్పుడే లెక్క వేసుకోండి.

డబ్బు విషయం ఒక్క మాట. రిక్రూటింగ్ చేసి పెడతామని ఫోను చేసేవాళ్ళు ఉంటారు. మీ అమ్మాయి ప్రొఫైల్ వెయ్యి మంది కోచ్‌లకు పంపుతామంటారు. మేమూ కట్టాం, ఎంతో చెప్పను, మా ఆయనకు మళ్ళీ బాధ కలుగుతుంది. వెయ్యి మందికి వెళ్ళిన ఉత్తరం ఎవరికీ వెళ్ళనట్టే. ఆ డబ్బుతో పిల్లకు నచ్చిన నాలుగు కాలేజీల క్యాంపులకు వెళ్ళి ఉండవచ్చు. క్యాంపు ఆహ్వానం వచ్చిందంటే ఎంపికైనట్టు కాదు, అది కూడా చెప్పాలి. 'ప్రియమైన క్రీడాకారిణికి' అని వస్తే అది అందరికీ వచ్చింది. పిల్ల పేరు, మొన్న ఆదివారం ఆడిన ఆట గురించి ఒక వాక్యం ఉంటే, అప్పుడు విమానం టికెట్ చూడండి.

కాలేజీల జాబితా ఎలా వేయాలని ఇందాక ఒక అమ్మాయి నన్ను గుమ్మం దగ్గరే అడిగింది. మోకాలు దెబ్బతిని రేపటి నుంచి ఆట లేదంటే, అప్పుడు కూడా నాలుగేళ్ళు అక్కడే చదువుతావా? చదువుతానంటే ఆ పేరు ఉంచు, లేదంటే కొట్టెయ్యి. మా పిల్ల జాబితా ముప్ఫై నుంచి పదకొండుకు వచ్చింది. నేను పెట్టినవి దాదాపు అన్నీ పోయాయి.

ఎవరూ జవాబు ఇవ్వకపోతే? ఆ వెనక వరసలోని అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న. మళ్ళీ రాయి. కొత్త సంగతి ఉన్నప్పుడే రాయి: కొత్త వీడియో, కొత్త టోర్నమెంటు, పెరిగిన మార్కులు. ఆ పదకొండులో మా పిల్లకు నాలుగింటి నుంచే జవాబు వచ్చింది. అందులో రెండు 'మాకు ఈ ఏడు చోటు లేదు' అని. అది కూడా జవాబే, ఆ రెండు ఊళ్ళకు వెళ్ళే ఖర్చు మిగిలింది. ట్రావెల్ జట్టు కోచ్‌ను కూడా అడుగు, ఈ కాలేజీకి ఒక ఫోను చేస్తారా అని. నువ్వే అడుగు, నాన్న కాదు. కాదంటే ఎందుకు కాదో కూడా అడుగు. ఏడుపు వస్తే కారులోకి వచ్చాక ఏడువు, మేమంతా అదే చేశాం.

సరే, ఇంక నేను ఆపుతాను. పక్క గదిలో నాలుగు ల్యాప్‌టాప్‌లు పెట్టాం. పద్నాలుగు దాటిన అమ్మాయిలు అక్కడికి వెళ్ళి మొదటి ఉత్తరం మొదలుపెట్టండి. ఇప్పుడు కాలేజీలో ఆడుతున్న ఇద్దరు అక్కలు ఉన్నారు, వాళ్ళు చూస్తారు. తల్లిదండ్రులకు ఇటు పక్క టీ, మిరపకాయ బజ్జీలు. ఏమండీ, మీరెటు వెళ్తున్నారు? ఆ గది కాదు. బజ్జీలు ఇటు.